నాగేష్ గదిలో కంప్యూటర్

ఎండ ముదిరిన మధ్యాహ్నం. ఆదోని పత్తి మార్కెట్ వెనక సందులో మనుషుల అలికిడి లేదు. మేడ మీది గదిలో సోమప్ప కిటికీ తలుపులు దగ్గరగా వేసి, బల్ల ముందు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నిద్రపోవడం లేదు. మంత్రం పూర్తయ్యేదాకా పెదవులు మెల్లగా కదిలాయి.

సోమప్ప ప్రైవేటు డిటెక్టివు. పెళ్ళి సంబంధాల విచారణ, ఇన్సూరెన్సు వాళ్ళ పనులు, ఇల్లు విడిచి పోయినవాళ్ళ వెతుకులాట - అటువంటి ఊళ్ళో ఈ వృత్తికి దొరికే పని అదే. నుదుట విభూతి, ఉతికిన తెల్ల చొక్కా, తొందర లేని చూపు. ఆయన సహాయకుడు జావీద్ ఇద్దరు పిల్లల తండ్రి. అయినా సోమప్ప ఎవరినైనా ఒక చిన్న ప్రశ్న అడిగితే, అది ఎందుకు అడిగాడా అని రెండు రోజులు ఆలోచించే మనిషి.

మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించి, మధ్యలో ఆగి, మళ్ళీ వినిపించింది. గుమ్మంలో ఒక పాతికేళ్ళ అమ్మాయి నిలబడింది. నుదుట బొట్టు లేదు. వెనక ఎవరైనా వస్తున్నారేమో అన్నట్టు ఒకసారి మెట్లకేసి చూసింది.

"కూర్చో తల్లీ," అన్నాడు సోమప్ప. "జావీద్, నీళ్ళియ్యి."

ఆమె పేరు లావణ్య. ఎమ్మిగనూరు నుంచి వచ్చింది. సగం నీళ్ళు తాగి గ్లాసు చేతిలోనే పట్టుకుంది.

"మా ఇంట్లో కంప్యూటర్ ఆగిపోతాంది సార్."

జావీద్ నవ్వు ఆపుకున్నాడు. "దానికి రిపేరు షాపు ఉంది కదక్కా. మేము మనుషులను ఎతికేటోళ్ళం."

"షాపులో ఇచ్చినాం అన్నా. లోపల నుంచి ఇంత దూది తీసినారు. ఏందో పార్టు గూడ మార్చినారు. ఆడ వారమంతా నడిచింది. ఇంటికి తెచ్చి నేను కూర్చుంటే ఆగిపాయ." ఆమె గ్లాసులోకి చూస్తూ అంది, "మా ఆయన ఆపుతాండాడంట. ఆయన కార్తీకంలో చనిపోయినాడు."

జావీద్ ముఖంలో నవ్వు పోయింది. సోమప్ప ముందుకు వంగాడు.

ఆమె భర్త నాగేష్ ఆదోని రోడ్డులో లారీ గుద్ది పోయాడు. పెరట్లో అతను కట్టుకున్న గదిలోనే ఆ కంప్యూటర్ ఉంది. అతను పోయాక లావణ్య దాని మీదే ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగం సంపాదించుకుంది. మొదట్లో బాగానే నడిచింది. సంక్రాంతి దాటాక మొదలైంది. పాఠం మధ్యలో తెర నల్లగా అయిపోవడం, మళ్ళీ దానంతట అదే మొదలవడం. కరెంటు పోతే కంప్యూటర్‌ను నిలిపేందుకు పక్కనుండే బ్యాటరీ పెట్టె ఊరికే కూసి కూసి చెడిపోయింది.

"ఎవరు కూర్చున్నా ఆగుతుందా?"

"మా మామ కూర్చుంటే ఆగదు సార్. అదే కదా. ఇంకోటి, మా ఆయనకు నెల నెలా మాసికం పెడతారు. పెట్టినాక రెండు మూడు దినాలు బాగా నడుస్తాది. మల్ల మొదలు. దాంతో అందరికీ నమ్మకం కుదిరింది. వాడు శాంతిస్తాడు, నువ్వు కూర్చుంటే మల్ల రేగుతాడు అని మా అత్త అంటాది."

"నువ్వేమంటావు?"

"పగలు మా మరిది జయరాం చేస్తాండాడు అనుకుంటా. వానికి ఆ గది కావాల, చీరల మూటలు పెట్టుకునేకి." ఆమె గొంతు తగ్గింది. "సాయంత్రం అయితే ఆయనే అనుకుంటా."

రేపు సాయంత్రం ఆమెకు క్లాసు ఉంది. అది కూడా మధ్యలో ఆగితే ఇక రావద్దని కంపెనీవాళ్ళు చెప్పేశారు. ఉద్యోగం పోతే ఆమెను పుట్టింటికి, ఆస్పరికి పంపిస్తానని మామ శేషప్ప చెప్పేశాడు. ఆస్పరిలో అమ్మా నాన్నా లేరు. ఉన్నది అన్న.

"పోయినసారి పోతే, కంచం ముందర పెట్టి 'బస్సు ఎప్పుడుండాది' అనడిగె మా వదిన," అంది లావణ్య. "ఆ ఇల్లు తప్పితే నాకు యాడా ఇల్లు లేదు సార్. కానీ అంతకన్నా ముందు, ఆయనకు నా మీద నిజంగా కోపమా? అది తెలిస్తే సాలు. కోపమే అయితే నేనే పోతా."

ఆమె వెళ్ళిపోయాక జావీద్ గ్లాసు తీసి పక్కన పెట్టాడు. ఉండబట్టలేక అడిగాడు. "చనిపోయినోళ్ళు ఇట్ల చేస్తారా అన్నా?"

"నేను ఈరన్న స్వామిని నమ్మేవాణ్ణి జావీద్. చెయ్యరు అని చెప్పే ధైర్యం నాకు లేదు," అన్నాడు సోమప్ప. "కానీ మామ కూర్చుంటే ఊరుకుని కోడలు కూర్చుంటే ఆపేది, ముందు ఈ లోకంలోనే వెతుకుదాం."

మరునాడు పొద్దున్నే ఇద్దరూ జావీద్ మోటార్ సైకిల్ మీద ఎమ్మిగనూరు చేరారు. శేషప్పది మగ్గాల వీధిలో పాత ఇల్లు. ముందు గదిలో మగ్గం మీద చీర సగంలో ఉంది. వెనక తలుపు తీస్తే పెరడు. నేల పగుళ్ళిచ్చి ఉంది. పెరటి చివర నాగేష్ గది; ఆ గది గోడ పక్కనే తులసికోట. కోటలో మొక్క లేదు, ఎండిన పుల్ల మాత్రం నిలబడి ఉంది. కోట పక్కన నేలలోంచి ఒక ఇనుప పైపు మొన బయటికి కనిపిస్తోంది. దానికి కట్టిన తీగ ఒకటి గోడ ఎక్కి గదిలోకి పోయింది.

శేషప్ప మగ్గం దిగకుండానే మాట్లాడాడు.

"కోడలు మీ దాకా వచ్చిందా? రానీ. నేను ఆ పిల్లను తిట్టలేదు, కొట్టలేదు. పోయినోని మనసు కష్టపెట్టొద్దు అన్నా, అంతే."

"మీరు కూర్చుంటే ఆగదంట."

"ఆగదు. మాపటేళ పోయి వాని ఫోటోలు చూసుకుంటా. అట్లే చూపిస్తాది, పాపం."

"ఈ ఎండల్లో ఆ గదిలో ఉక్క ఉండదా? ఫ్యాను వేసుకుంటారా?"

శేషప్ప విచిత్రంగా చూశాడు. "నేసేటోనికి ఫ్యాను ఏంటికప్పా? దారం ఎగిరి పోతాది. చిన్నప్పట్నుంచి అలవాటు లేదు. నాకు గాలి పడదు."

జయరాం బజారు నుంచి చీరల మూటతో వచ్చాడు. విషయం వినగానే మూట దింపి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"మా వదిన పోలీసుల కాడికి పోకుండా మీ కాడికి వచ్చినందుకు సంతోషం అన్నా. నేనే చేసినా అని చెప్పిందా?"

"నీకు గది కావాలంది."

"కావాల. దాంట్లో దాపరికం ఏముంది? కానీ నేను ఆ డబ్బా ముట్టుకోను. మా అన్న వస్తువు. ముట్టుకుంటే ఏడుపొస్తాది." అతను అటు తిరిగి మూట ముడి సరిచేశాడు.

"గదికి కరెంటు ఎవరు పెట్టినారు?"

"వాడే. ఫోన్లో చూసి నేర్చుకున్నాడు. మిస్త్రీని పిలుద్దాంరా అంటే నవ్వినాడు. ఒక్క దినంలో ముందర మీటరు కాడ నుంచి వైరు లాక్కొచ్చినాడు."

"మాసికం దినం చుట్టాలు ఎక్కువ మంది వస్తారా?"

"వీధి వీధంతా వస్తాది."

"తిన్నాక చేతులు యాడ కడుగుతారు?"

జయరాం జావీద్ వైపు చూశాడు. "మీ సారు ఎప్పుడూ ఇట్లే అడుగుతాడా? ఈడనే, పెరట్లో. మామూలుగా ఇంటి ముందర కడుగుతాం గానీ, ఆ దినం స్నానాలు, గిన్నెలు తోమేది, కాళ్ళు కడిగేది అంతా ఈడనే. అంతా బురదే."

జావీద్ ఆ ప్రశ్నను మనసులో దాచుకున్నాడు, కానీ దాంతో ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

లావణ్య అత్త లక్ష్మక్క వంటింటి గడప మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. బక్కపలచని మనిషి. సోమప్ప ఆమె ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆమె ఆయన నుదుటి విభూతి చూసి చాట పక్కన పెట్టింది.

"తులసమ్మను ఎండబెట్టినారే అమ్మా."

"సూతకం కదప్పా. పది దినాలు సాలు అన్నారు పెద్దోళ్ళు. నాకు మనసు రాల్యా. ఏడాది దీపం పెట్టనని అనుకున్న్యా. వాడు లేని ఇంట్లో దీపం ఏంటికి? నీళ్ళు పోసేదీ మానేసినా."

"అంతకు ముందు?"

"పొద్దున్నే రెండు బిందెలు. చిన్న మొక్కకు అన్ని నీళ్ళేందని ఊరోళ్ళు నవ్వుతాండ్రి. నా కొడుకే చెప్పేటోడు, 'బాగా పొయ్యిమా, తులసమ్మ సల్లగా ఉండాల' అని. నేను ఊరికి పోయిన దినం వాడే పోసేటోడు. వానికి నా కన్నా భక్తి." ఆమె ఇంకా ఏదో చెప్పబోయి ఆగింది.

"చెప్పండమ్మా."

"నవ్వకు. నీళ్ళు పోసి, తడి నేల మీద నిలబడి దండం పెట్టుకుంటే కాళ్ళల్లో జుమ్మని పలికేది తల్లి. దినామూ. ఇంట్లో ఎవరికీ సెప్పల్యా, నా కొడుక్కు గూడ. ఇప్పుడు పలకదు. నేను దీపం ఆపినా, ఆమె మాట ఆపింది."

సోమప్ప నవ్వలేదు. ఆయన ముఖం పాలిపోవడం జావీద్ చూశాడు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళి, ఆ ఇనుప పైపు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత గోడ వెంట పోయే తీగలను కళ్ళతో అనుసరించాడు. ముందు గదుల నుంచి నాగేష్ గదికి పోయేది ఒక్క తీగ. పైపు నుంచి పోయేది ఇంకొకటి.

"జావీద్, బజారుకు పోయి కరెంటు ఎంతుందో చూసే చేతి మీటరు ఒకటి అడిగి తే. అట్లే మంచి మిస్త్రీని కూడా వెంటబెట్టుకుని రా," అన్నాడు. తర్వాత, తనలో తాను అనుకున్నట్టు, "చెప్పకుండా ఉండే దారి ఉంటే బాగుండు," అన్నాడు.

మీటరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. సోమప్ప అందరినీ నాగేష్ గదిలోకి పిలిచాడు. శేషప్ప కుర్చీలో, జయరాం కిటికీ దగ్గర, లక్ష్మక్క గడప మీద. లావణ్యను కంప్యూటర్ ముందు కూర్చోమన్నాడు. మిస్త్రీ గోడ పక్కన నిలబడి మీటరు పుల్లలను ప్లగ్గులో పెట్టి పట్టుకున్నాడు.

"కరెంటు నిండుగా ఉండాది," అన్నాడు మిస్త్రీ. "రెండు వందల ముప్పై ఓల్టులు."

"షాపువాళ్ళు వచ్చి చూసినా ఇంతే కనపడి ఉండేది. అమ్మా, కంప్యూటర్ వెయ్యి. మీ మామ చూసే ఫోటోలు చూపించు."

తెర వెలిగింది. చిన్నప్పటి నాగేష్ మగ్గం గుంటలో కూర్చున్న ఫోటో వచ్చింది. మీటరులో అంకె కొంచెం దిగి నిలబడింది.

"ఇప్పుడు క్లాసు చెప్పేటప్పుడు ఎట్ల చేస్తావో అట్ల చెయ్యి."

లావణ్య క్లాసు కార్యక్రమం తెరిచింది, కెమెరా వేసింది. అలవాటుగా చెయ్యి పైకెత్తి ఫ్యాను స్విచ్చి నొక్కింది. ఫ్యాను మూలిగినట్టు నెమ్మదిగా తిరగసాగింది. మీటరులో అంకె గబగబా పడిపోయింది. తెర నల్లగా అయింది.

లక్ష్మక్క రెండు చేతులూ జోడించింది. "నాయనా," అంది గదిలో ఎవరితోనో మాట్లాడినట్టు.

"ఫ్యాను ఎందుకు వేసినావమ్మా?" సోమప్ప గొంతు మెత్తగా ఉంది.

"చెమటతో పిల్లలకు కనపడితే బాగుండదని వేస్తా సార్."

సోమప్ప ఆ గదికి వచ్చే కరెంటును ఇంటి ముందరి మీటరు దగ్గర ఆపించాడు. "జయరాం, పెరట్లో ఆ పైపు చుట్టూ నాలుగు బిందెలు నీళ్ళు పొయ్యి. పోసినాక దూరంగా వచ్చెయ్యి. ఎవరూ ఆ తడి తొక్కొద్దు."

ఎండిన నేల నీళ్ళను గుటగుటా తాగింది. కాసేపు ఆగి కరెంటు వేయించాడు. లావణ్య మళ్ళీ కెమెరా వేసింది, మళ్ళీ ఫ్యాను వేసింది. ఫ్యాను ఈసారి హుషారుగా తిరిగింది. తెర వెలుగుతూనే ఉంది. అందరూ దాన్నే చూస్తున్నారు. అది ఆగలేదు.

సోమప్ప అప్పుడు కరెంటు మళ్ళీ ఆపించి, మాట్లాడడం మొదలుపెట్టాడు.

"కరెంటు ఒక తీగలో వచ్చి ఇంకో తీగలో తిరిగి పోవాలి. ఈ గదికి వచ్చే తీగను నాగేష్ ముందు నుంచి లాగినాడు. తిరిగి పోయే తీగ లాగలేదు. పెరట్లో పైపు పాతి, భూమిలోకే వదిలినాడు. చేలల్లో మోటార్ల కాడ బల్బు వెలిగించుకునేదానికి ఇట్ల చేస్తారు."

"చేస్తారు," అన్నాడు మిస్త్రీ. "చెయ్యగూడదు గానీ చేస్తారు."

"నేల తడిగా ఉన్నంత కాలం ఏ బాధా లేదు. ఎండితే భూమి కరెంటును సరిగా తీసుకోదు. ఒక్క కంప్యూటర్, దాంట్లో ఫోటోలు - అంత తేలిక పనికి చాలుతుంది. శేషప్ప అన్న ఫ్యాను వెయ్యడు, కెమెరా వెయ్యడు. అందుకే ఆయనకు నడిచింది. ఈ పిల్ల రెండూ వేస్తుంది. చాలక ఆగిపోయింది. షాపులో తీగలు సరిగా ఉన్నాయి, కాబట్టి ఆడ ఆగలేదు. మాసికం దినం వీధంతా వచ్చి ఈ పెరట్లోనే చేతులు కడిగింది. నేల తడిసి రెండు మూడు దినాలు నడిచింది. ఆరినాక మళ్ళీ మొదలైంది."

జయరాం జావీద్ వైపు తిరిగాడు. "అందుకా చేతులు యాడ కడుగుతారు అనడిగింది."

"సంక్రాంతి దాకా ఎందుకు బాగుంది?" శేషప్ప అడిగాడు.

"పాత తడి ఇంకిపోయేదానికి అంత కాలం పట్టింది. అంతకు ముందు ఆ పైపును దినమూ తడిపేవాళ్ళు ఒకరు ఉండేవాళ్ళు."

ఆయన లక్ష్మక్క వైపు తిరగలేదు. తిరగవలసిన అవసరం లేకపోయింది.

"నేను," అంది ఆమె.

"మీ తప్పు కాదమ్మా. దుఃఖంలో నీళ్ళు ఆపినారు. తప్పు చేసినోళ్ళు ఈ ఇంట్లో లేరు. కానీ ఇంకొక మాట చెప్పాల. చెప్పకుంటే నాకు పాపం వస్తుంది." సోమప్ప తల వంచుకున్నాడు. "మీ కాళ్ళల్లో జుమ్మన్నది ఆ కరెంటే. పైపులో నుంచి తడి నేలలోకి వచ్చింది. ఒక దినం అది ఎక్కువై ఉంటే మీరు ఈడ ఉండేవాళ్ళు కాదు. సూతకం తీరినాక మీరు మళ్ళీ బిందె ఎత్తుకుని పోతారని తెలిసి, నేను నోరు మూసుకుని పోలేకపోయినా."

లక్ష్మక్క తలెత్తింది.

"అయితే తల్లి పలకల్యా నాకు?"

"పలికిందో లేదో చెప్పేదానికి నేనెవరినమ్మా? కాళ్ళలో వచ్చింది మాత్రం కరెంటు. అంతవరకే నాకు తెలుసు."

లక్ష్మక్క తల దించి నేలను చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "బాగా పొయ్యిమా అని వాడు సెప్పింది, తులసమ్మ కోసం కాదన్నమాట."

ఆ మాట సోమప్ప అనలేదు. అనకూడదనే పొద్దుట్నుంచి జాగ్రత్తపడ్డాడు.

"మిషన్ బాగు చేసేకి ఎవరొచ్చినా వద్దంటాంటి," ఆమె లావణ్య వైపు చూడకుండా చెప్పుకుపోయింది. "షాపుకు తీసుకపోతే గూడ ఏడిస్తి. నిన్ను ఆస్పరికి పంపమని మీ మామ సెవిలో పోసింది నేనే. ఆయన మెత్తనోడు, నేను అనిపిచ్చినా. నువ్వు పోతే అది నాకు మిగుల్తాదనుకున్న్యా. వాడు కోపంతోనన్నా దాంట్లో ఉండాడు కదా అని. తీగ అయితే వాడు లేడు కదప్పా. యాడా లేడు."

లావణ్య కుర్చీలోంచి లేచింది. అత్త దగ్గరికి వెళ్ళి పక్కన గడప మీద కూర్చుంది. ఆమెకు కావలసిన జవాబు దొరికింది, భర్తకు తన మీద కోపం లేదు. అది విని సంతోషించే చోటు మాత్రం ఆ గదిలో లేదు.

శేషప్ప గొంతు సవరించుకున్నాడు. "ఆస్పరి మాట ఈ ఇంట్లో ఇంకెవరూ ఎత్తొద్దు," అన్నాడు. "జయరాం, నీ మూటలు ముందర గదిలో పెట్టుకో. మగ్గం రోంత పక్కకు జరుపుదాం."

"జరుపుదాం నాయనా," అన్నాడు జయరాం.

మిస్త్రీ పైపు తీగను కోసేశాడు. ఇంటి ముందరి మీటరు దగ్గర నుంచి కొత్త తీగ లాగి, విడిగా ఎర్త్ కూడా కట్టేసరికి ఎండ తగ్గింది. సోమప్ప, జావీద్ పెరట్లోనే ఉండి అన్నీ చూశారు. క్లాసు వేళకు లావణ్య ముఖం కడుక్కుని వచ్చి కూర్చుంది. తెరలో పిల్లల ముఖాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"ఈ రోజు భిన్నాలు చెప్పుకుందాం," అంది. చెయ్యి పైకెత్తి ఫ్యాను వేసింది.

గడప మీద లక్ష్మక్క కదలకుండా కూర్చుంది. జావీద్ కిటికీలోంచి ఆమెనే చూశాడు. లావణ్య మాట కాస్త ఆగిన ప్రతిసారీ ముసలామె చటుక్కున తలెత్తి తెర వైపు చూస్తోంది. చూసి, తల దించుకుంటోంది.

"ఆగాలని చూస్తాందా అన్నా?" జావీద్ మెల్లగా అడిగాడు.

సోమప్ప అతని భుజం పట్టి కిటికీ దగ్గర నుంచి పక్కకు జరిపాడు.

క్లాసు అయింది. పిల్లలు చేతులూపి వెళ్ళిపోయారు. లావణ్య కెమెరా ఆపి వెనక్కి తిరిగింది. లక్ష్మక్క గోడ పట్టుకుని లేచి, చీకటి పడుతున్న గదిలో కంప్యూటర్ దాకా వచ్చింది. వెచ్చగా ఉన్న పెట్టె మీద చెయ్యి పెట్టి, కాసేపు అట్లే ఉంచింది.

"ఆగల్యా," అంది కోడలితో. "ఒక్కసారి గూడ ఆగల్యా."